అట

నేను రెండో కోడర్ని.
మొదటి కోడర్ ఎదిల్మా. పరిశోధన ఆమెది, పట్టా ఆమెకి.
నాకు పేజీకి రెండు బొలివియానోలు,
గుర్తుంటే సాయంత్రం ఓ గ్లాసు ఊదారంగు మొక్కజొన్న జావ.

ఒరూరో యూనివర్సిటీ, నాలుగో అంతస్తు.
కిటికీలో అద్దం బదులు అట్టముక్క.
వేళ్లు కొంకర్లు పోతుంటే చంకల్లో పెట్టి వెచ్చబరుచుకుని
మళ్లీ పెన్సిలు పట్టేవాణ్ణి.
బల్లమీద రెండువందల పన్నెండు పత్రికా ప్రకటనలు,
ఒకే గని కంపెనీవి, పదకొండు నెలలవి.
మడ్డి చెరువు గట్టు తెగిన రాత్రితో మొదలు.

ప్రతి ప్రకటనకీ ఇరవై రెండు గడులు.
పద్నాలుగో గడి క్షమాపణ:
లేకపోతే సున్నా, ఉంటే రెండు,
గోడమీద పిల్లిలా ఉంటే ఒకటి.
నేను వేసినవన్నీ దాదాపు ఒకట్లే.
"గట్టు తెగడం జరిగింది."
"విచారం వ్యక్తం చేయబడుతోంది."
ఎవరు వ్యక్తం చేస్తున్నారో వెతకడంలో
ఒక మధ్యాహ్నమంతా పోయింది.
కర్త లేడు.
చావింట్లో అయినా కర్త అంటూ ఒకడుంటాడు కదా.
ఏరు ఎర్రబడింది,
నీళ్లు నమిలింది కంపెనీ.

మా ఇద్దరి అంకెలూ నూటికి ఎనభైయొక్కసారి కలిశాయి.
ఆ రోజు ఎదిల్మా నిజంగా నవ్వింది.
ఇద్దరు మనుషులు ఒకేదాన్ని ఒకేలా చూస్తే
అది శాస్త్రం అంది.

ఆగస్టులో టేపులు వచ్చాయి.
ఏటి ఒడ్డు మనిషి, దోన్యా నికొలాసా వారాచి.
ఆమెనీ అవే ఇరవై రెండు గడుల్లో పెట్టాలి,
పోల్చి చూడటానికి.
స్పానిష్‌లోకి దించిన కాగితం పక్కన పెట్టుకుని విన్నాను.
అయ్‌మారా మా అమ్మ మాట.
అందులో కళ్లారా చూసినదానికి ఒక తోక,
ఎవరో చెప్పినదానికి వేరే తోక.
తోక మరిచిపోతే పసిపిల్లలైనా నిలదీస్తారు:
చూశావా, విన్నావా?

"అర్ధరాత్రి చప్పుడు. లేచాను.
ఏరు బురదకాళ్లతో గుమ్మందాకా వచ్చింది.
పదిహేడు లామాలు పోయాయి,
తెల్లారి పేరుపేరునా పిలిచి లెక్కపెట్టాను.
కంపెనీవాళ్లు నీళ్లు పరీక్ష చేశారట.
బాగానే ఉన్నాయట.
బాధపడుతున్నామని కాగితంమీద రాశారట,
నా మనవరాలు చదివింది, నాకు చదువు రాదు."

దించిన కాగితంలో ఒక్క 'అట' లేదు.
ఆమె లామాలూ వాళ్ల పరీక్షా
ఒకే ఎత్తున నిలబడి ఉన్నాయి.

ఇరవై మూడో గడి కావాలన్నాను.
ఎదిల్మా స్వెటర్ చేతులు కిందికి లాక్కుంది.
"ఇప్పుడు గడి కలిపితే అన్నీ మొదట్నుంచీ చదవాలి.
ఎవరిస్తారు నీకు డబ్బులు?"
ఆమెకి ఇద్దరు పిల్లలు. ఫెలోషిప్ డిసెంబరుతో సరి.
తప్పు పట్టలేను.

ఊరికే చదివాను మరి, రాత్రుళ్లు,
ఒక్కో వాక్యం చివరా పెన్సిలుతో సన్నగా 'అట' తగిలిస్తూ.
నీటి నాణ్యత పరిమితుల్లోనే ఉందట.
స్థానికుల సహనం మరువలేనిదట.
భద్రతే మా ఊపిరట.
మొదటి ముప్పై కాగితాలదాకా నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.
తెల్లారేముందు రబ్బరుతో అన్నీ చెరిపేసేవాణ్ణి,
మర్నాటికి అంకెలు శుభ్రంగా ఉండాలి కాబట్టి.

కిందటి గురువారం ఎదిల్మా సిద్ధాంతం నెగ్గింది.
పదహారో పాదసూచికలో నా పేరుంది,
ఒక అక్షరం తప్పుగా.

టేపు చివర్న, యంత్రం ఆపేముందు
నికొలాసా అడిగిన ప్రశ్న ఒకటుంది.
కాగితంలోకి అది దిగలేదు.
"ఇది రాసేవాడు ఈ ఏరు చూశాడా?"
జవాబు లేదు. టిక్కుమని ఆగిపోయింది.

ఒరూరో నుంచి బస్సులో నాలుగు గంటలు.
శనివారాలు రెండు బస్సులు.
వెళ్లలేదు నేను.
ఇందాక పైన ఒక మాట రాశాను, దిద్దుకోవాలి:
ఏరు
ఎర్రబడిందట.